ముందు డీఆర్ఎల్ తళతళ.. వెనక మాత్రం చీకటి! కారులో ఆటో హెడ్‌లైట్ ఎప్పుడు వెలుగుతుంది? ఎప్పుడు వెలగదు?

కారు స్టార్ట్ చేయగానే ముందు భాగంలో తెల్లగా మెరిసే ఎల్ఈడీ గీతలు ఇప్పుడు చిన్న కార్లలోనూ వచ్చేశాయి. షోరూమ్‌లో లుక్ కోసం ముందుగా చూపించేది వాటినే. అయితే అవి వెలుగుతున్నాయి కాబట్టి లైట్లు వేసినట్టే అనుకుని, పొద్దుపోయాక కూడా అలాగే వెళ్లిపోయే కార్లు హైవేల మీద తరచూ కనిపిస్తుంటాయి. ఎదురుగా వచ్చేవారికి ఆ కారు బాగానే కనిపిస్తుంది. సమస్యల్లా వెనక వచ్చే లారీ డ్రైవర్‌కే. చాలా కార్లలో డీఆర్ఎల్ వెలిగినంత మాత్రాన టెయిల్ లైట్లు వెలగవు మరి!

డీఆర్ఎల్ అంటే డేటైమ్ రన్నింగ్ లైట్. పేరులోనే ఉంది.. పగలు కారు నడుస్తున్నప్పుడు వెలిగే లైటు. దీని పని రోడ్డు చూపించడం కాదు, ఎదుటివారికి కారును చూపించడం. ఎర్రటి ఎండలో చెట్ల నీడ కింద నుంచి వచ్చే ముదురు రంగు కారు దూరం నుంచి త్వరగా కంటికి ఆనదు. రెండు లైన్ల రోడ్డు మీద ఓవర్‌టేక్ చేయబోయే డ్రైవర్ 'ఖాళీగానే ఉంది' అనుకుని కుడివైపు వచ్చేస్తాడు. అదే ముందు రెండు తెల్లటి లైట్లు ఉంటే అంత దూరంలోనే కన్ను పట్టేస్తుంది.

ఈ ఆలోచన పుట్టింది చలి దేశాల్లో. అక్కడ శీతాకాలంలో సూర్యుడు మధ్యాహ్నం కూడా ఆకాశంలో కిందకే ఉంటాడు. 1977లో స్వీడన్ పగలు కూడా లైట్లతోనే బండి నడపాలని రూల్ పెట్టింది. ఆ తర్వాత కెనడా కొత్త కార్లకు డీఆర్ఎల్ తప్పనిసరి చేసింది. యూరోపియన్ యూనియన్‌లో 2011 ఫిబ్రవరి నుంచి కొత్త మోడల్ కార్లన్నింటికీ ఇది వచ్చింది. మన దగ్గర 2017 ఏప్రిల్ నుంచి టూవీలర్లకు వచ్చిన రూల్ కూడా ఇదే ఆలోచన. ఇంజిన్ ఆన్‌లో ఉన్నంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. మొదట్లో దారిన పోయేవాళ్లంతా చెయ్యి మూసి తెరిచి 'లైటు ఆన్‌లో ఉంది బాబూ' అని సైగ చేసేవారు, గుర్తుందా? ఇప్పటికీ కొందరు చేస్తూనే ఉంటారు!

మళ్లీ కారు దగ్గరకు వద్దాం. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఒక్కో డీఆర్ఎల్ వెలుగు 400 నుంచి 1200 క్యాండెలా మధ్య ఉండాలి. హెడ్‌లైట్ లో బీమ్‌లో రోడ్డు మీద పడే వెలుగు దీనికి అనేక రెట్లు ఎక్కువ. పైగా హెడ్‌లైట్‌లో వెలుగును కిందకు వంచి రోడ్డు మీద పరిచే ఏర్పాటు ఉంటుంది, డీఆర్ఎల్‌లో ఉండదు. అందుకే చీకట్లో డీఆర్ఎల్‌తో గుంత కనిపించదు, కానీ ఎదుటివారి కళ్లు మాత్రం చెదురుతాయి. హెడ్‌లైట్ వేయగానే డీఆర్ఎల్ ఆరిపోవడమో, బాగా తగ్గి పార్కింగ్ లైటులా మారడమో ఇందుకే. కొన్ని కార్లలో ఇండికేటర్ వేసిన వైపు డీఆర్ఎల్ డిమ్ అవుతుంది. అది రిపేరు కాదు. పక్కనే తెల్లటి వెలుగు ఉంటే నారింజ రంగు ఇండికేటర్ కనిపించదని అలా పెట్టారు.

ఇక్కడే అసలు చిక్కు. పాత కార్లలో లైట్లు వేస్తే తప్ప స్పీడోమీటర్ కనిపించేది కాదు. చీకటి పడితే మీటర్ కనపడక డ్రైవరే లైటు వేసేవాడు. ఇప్పుడు స్క్రీన్లు పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటాయి. సిటీలో వీధి దీపాల కింద ముందు డీఆర్ఎల్ వెలుగు కాస్త పడుతూ ఉంటుంది. దీంతో హెడ్‌లైట్ వేయలేదన్న అనుమానమే రాదు. వెనక నుంచి చూస్తే కారు నల్లటి నీడలా ఉంటుంది. కెనడాలో ఇలాంటి కార్లకు దెయ్యం బండ్లు అనే అర్థం వచ్చే పేరే పెట్టారు.

మరి ఆటో హెడ్‌లైట్ ఉంటే ఈ బాధ తప్పుతుందా? చాలా వరకు తప్పుతుంది, పూర్తిగా కాదు. అది పనిచేసే తీరు చూస్తే ఎందుకో తెలుస్తుంది.

అద్దం వెనకాల విండ్‌షీల్డ్‌కు అంటుకుని గానీ, డ్యాష్‌బోర్డు మీద చిన్న నల్లటి బుడిపెలా గానీ ఒక సెన్సర్ ఉంటుంది. అందులోని ఫొటోడయోడ్ మీద పడే వెలుతురును బట్టి కరెంటు మారుతుంది. దాన్ని చూసి కారులోని కంప్యూటర్ లైట్లు వేయాలా వద్దా అని తేల్చుకుంటుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో దీనికి లెక్క ఉంది. బయటి వెలుతురు 1000 లక్స్ కంటే తగ్గితే 2 సెకన్లలోపు హెడ్‌లైట్ వెలగాలి. 7000 లక్స్ దాటితే ఆరిపోవాలి. అది కూడా వెంటనే కాదు, కనీసం 5 సెకన్లు ఆగాకే. మధ్యలో ఇంత తేడా ఎందుకంటే.. ఒకే అంకె పెడితే చెట్ల నీడలో వెళ్తున్నంతసేపూ లైట్లు వెలిగి ఆరి, వెలిగి ఆరి డిస్కోలా ఉంటుంది. కొన్ని సెన్సర్లు పైకి ఒకటి, ముందుకు ఒకటి రెండు చూపులు చూస్తాయి. ఫ్లైఓవర్ కింద నీడ పడితే పైన చీకటి, ముందు వెలుతురు. టన్నెల్ అయితే ముందూ చీకటే. ఆ తేడా పట్టి లైటు వేస్తుంది.

ఇప్పుడు లంబసింగిలో డిసెంబరు ఉదయం 8 గంటలకు ఊహించుకోండి. కళ్ల ముందంతా తెల్లటి పొగమంచు. పది అడుగుల దూరంలో బండి కనిపించదు. కానీ సెన్సర్‌కు అది చీకటి కాదు! మంచు వెలుతురును అన్ని వైపులా చెదరగొడుతుంది కాబట్టి దానికి అంతా తెల్లగా, కావాల్సినంత వెలుగుగా కనిపిస్తుంది. స్విచ్ ఆటోలోనే ఉన్నా హెడ్‌లైట్ వెలగకపోవచ్చు. డీఆర్ఎల్ మాత్రం వెలుగుతుంది. వెనక ఏమీ ఉండదు. సెన్సర్ కొలిచేది వెలుతురును, ఎంత దూరం కనిపిస్తోందన్నది కాదు. అందుకే పొగమంచులో లో బీమ్ చేత్తోనే వేయాలి. హై బీమ్ వేస్తే ఆ వెలుగు మంచుకు తగిలి మన కళ్లలోకే తిరిగి వస్తుంది.

పట్టపగలు కుండపోత వానలోనూ ఇదే కథ. అయితే కొన్ని కార్లలో వాన సెన్సర్, వెలుతురు సెన్సర్ ఒకే డబ్బాలో ఉంటాయి. కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాన్ని అద్దంలోకి ఏటవాలుగా పంపితే, అద్దం పొడిగా ఉన్నప్పుడు దాదాపు అంతా వెనక్కి వస్తుంది. చినుకు పడిన చోట కొంత బయటకు జారిపోతుంది. అది చూసి వైపర్ తిరుగుతుంది. వైపర్ తిరిగితే హెడ్‌లైట్ కూడా వెలిగేలా కొన్ని కంపెనీలు సెట్ చేశాయి. అన్ని కార్లలోనూ ఉండదు, మాన్యువల్‌లో చూసుకోవాల్సిందే.

సెన్సర్‌ను మనమే తికమక పెట్టే సందర్భాలూ ఉన్నాయి. డ్యాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ, పూలదండ, టవల్.. ఏది దాన్ని కప్పినా మధ్యాహ్నం 12 గంటలకే హెడ్‌లైట్ వెలుగుతుంది. విండ్‌షీల్డ్ మీద సెన్సర్ ఉన్న చోటే ఫాస్టాగ్ అంటించినా ఇబ్బందే. ఇక ఆటో హెడ్‌లైట్ అంటే హై బీమ్ దానంతటదే తగ్గిపోవడం అనుకునేవారూ ఉన్నారు. అది ముందు కెమెరాతో పనిచేసే వేరే ఫీచర్.

ఈ దెయ్యం బండ్ల గొడవకు కెనడా 2021 సెప్టెంబరు నుంచి కొత్త రూల్ తెచ్చింది. కంపెనీలకు మూడు దారులిచ్చింది. డీఆర్ఎల్‌తో పాటు టెయిల్ లైట్లు వెలగాలి, లేదా చీకటి పడితే లైట్లన్నీ వాటంతటవే ఆన్ అవ్వాలి, అదీ కాకపోతే లైట్లు వేసేదాకా డ్రైవర్ ముందున్న మీటర్ చీకటిగా ఉండాలి. మూడోది మన పాత కార్లలో ఉన్నదే కదా!

మీ కారు సంగతి తెలుసుకోవడానికి మెకానిక్ అక్కర్లేదు. పొద్దుపోయాక పార్కింగ్‌లో ఇంజిన్ స్టార్ట్ చేసి లైట్ల స్విచ్ ఆఫ్‌లో పెట్టండి. కొన్ని కార్లలో హ్యాండ్ బ్రేక్ వేసి ఉంటే డీఆర్ఎల్ వెలగదు కాబట్టి, ఇంట్లో డ్రైవింగ్ వచ్చినవారు ఒకరు సీట్లో ఉంటే మంచిది. వెనక్కి వెళ్లి చూడండి. టెయిల్ లైట్లు వెలుగుతున్నాయా? తర్వాత ఆటోలో పెట్టి మళ్లీ చూడండి. స్విచ్‌లో ఆటో గుర్తే లేకపోతే, మీటర్‌లో పచ్చ రంగు హెడ్‌లైట్ బొమ్మ వెలిగిందో లేదో సాయంత్రం బయల్దేరే ముందు చూసుకోవాలి. కిందకు వాలిన గీతలతో ఉంటే లో బీమ్. అదే నీలం రంగులో ఉంటే ఎదుటివారి కళ్లలో కొడుతున్న హై బీమ్.