గుర్రం ఒక కన్ను మూస్తోందా? నలుసే కదా అనుకోవద్దు!

పెళ్లి బరాత్‌లోనో, బీచ్ సవారీలోనో ఓ గుర్రం ఒక కన్ను సగం మూసి నీరు కారుస్తూ కనిపిస్తే 'దుమ్ము పడిందేమో' అనుకుని వెళ్లిపోతాం. పశువైద్యులు మాత్రం గుర్రానికి కంటి నొప్పి అంటే అత్యవసర కేసుగానే చూస్తారు. కార్నియాపై పడిన చిన్న గీతకు ఇన్ఫెక్షన్ తోడైతే ఒకట్రెండు రోజుల్లోనే కన్ను పోయే ప్రమాదం ఉంది.

ఎలా గుర్తించాలి?

ముందుగా పై రెప్ప వెంట్రుకలు చూడండి. ఆరోగ్యంగా ఉన్న కంటికి అవి దాదాపు అడ్డంగా, ముందుకు నిలబడి ఉంటాయి. నొప్పి ఉంటే కిందికి వాలిపోతాయి. కన్ను పూర్తిగా మూసుకోకముందే కనిపించే గుర్తు ఇది. రెండు కళ్లనూ ఎదురుగా నిలబడి పోల్చి చూస్తే తేడా తెలిసిపోతుంది.

మిగతా లక్షణాలు ఇవి:

- కన్ను చికిలించడం, ఆగకుండా నీరు లేదా పుసి కారడం
- రెప్పలు వాయడం, కన్ను ఎర్రబడటం
- నల్లగుడ్డుపై పువ్వు వేసినట్టు తెల్లగా లేదా నీలంగా మసకబారడం
- వెలుతురుకు మొహం తిప్పుకోవడం, తలను కాలికో గోడకో రుద్దడం
- ఆ వైపు నుంచి వెళ్తే ఉలిక్కిపడటం

నొప్పిని కొలుస్తారా?

కొలుస్తారు. 2014లో పరిశోధకులు 'హార్స్ గ్రిమేస్ స్కేల్' రూపొందించారు. చెవులు, కళ్లు, కంటి పైభాగం, దవడ కండరాలు, నోరు-గడ్డం, ముక్కుపుటాలు అనే ఆరు అంశాలకు 0 నుంచి 2 వరకు మార్కులు వేస్తారు. మొత్తం పెరిగేకొద్దీ నొప్పి ఎక్కువని అర్థం. ఇది ఒళ్లంతటి నొప్పికి వాడే కొలమానం. కంటిలో ఏం జరిగిందో తేల్చాల్సింది డాక్టరే.

కారణాలేంటి?

గుర్రం కళ్లు పెద్దవి, తలకు ఇరువైపులా ఉబ్బెత్తుగా ఉంటాయి. అందుకే గడ్డి నలుసు, కొరడా దెబ్బ, సరిగా అమరని గంతలు, మొహంపై వేలాడే అలంకరణ కుచ్చులతో తేలిగ్గా గాయపడతాయి. రెండో ప్రధాన కారణం యువైటిస్, అంటే కంటి లోపలి వాపు. ఇది తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వస్తుంది. గుర్రాల్లో అంధత్వానికి ముఖ్య కారణం ఇదే.

ఈ పొరపాటు చేయొద్దు

ఇంట్లో మిగిలిన కంటి చుక్కలు వేయడం అన్నిటికంటే ప్రమాదం. వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. యువైటిస్‌కు డాక్టర్లు వాడే మందే అది. కానీ కార్నియాపై పుండు ఉన్నప్పుడు వేస్తే పుండు ముదిరి కన్ను పగిలిపోవచ్చు. అందుకే డాక్టర్ ముందుగా ఫ్లోరెసిన్ అనే రంగు చుక్క వేస్తారు. పుండు ఉన్నచోట అది పచ్చగా మెరుస్తుంది. మందు ఏదన్నది ఆ తర్వాతే తేలుతుంది. రెప్పల్ని బలవంతంగా తెరవొద్దు, పసర్లు పోయొద్దు.

ఎవరికి చెప్పాలి?

పని వెంటనే ఆపించి, గుర్రాన్ని నీడలో కట్టించాలి. గంతలు, అలంకరణ తీయించాలి. సంచార పశువైద్య వాహనాల టోల్‌ఫ్రీ నంబర్ 1962. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ అదే. ఫోన్‌లో 'ఒక కన్ను మూసుకుపోయింది, నీరు కారుతోంది, ఫలానా సమయం నుంచి' అని స్పష్టంగా చెప్పండి. వాహనం ఆలస్యమయ్యేలా ఉంటే దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాలకు తరలించాలి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలో వెటర్నరీ కళాశాలలున్నాయి.

చట్టం ఏమంటోంది?

జబ్బు లేదా గాయంతో పనికి తగని జంతువుతో పని చేయించడం జంతుహింస నిరోధక చట్టం-1960లోని సెక్షన్ 11 ప్రకారం నేరం. అయితే మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే. కాబట్టి యజమానితో గొడవకు దిగడం కన్నా, ఆయన ముందే 1962కు ఫోన్ కలిపి ఇవ్వడం మేలు. కన్ను పోతే ఆ కుటుంబానికి బతుకుతెరువూ పోయినట్టే. ఆ మాట చెబితే చాలామంది వింటారు.