అందరూ దించుకునేవాళ్లే అయితే ఎక్కించేదెవరు?

నెట్ కనెక్షన్ తీసుకునేటప్పుడు కేబులాయన్ని మనం అడిగేది ఒకటే: "స్పీడెంత?" ఆయన ఒక అంకె చెబుతాడు. ఇంటికొచ్చి టోరెంట్ పెడితే స్క్రీన్ మీద ఆ అంకెలో ఎనిమిదో వంతు కనపడుద్ది, ఒక్కోసారి అదీ ఉండదు. మోసం చేశారని తిట్టుకుంటాం. ఇందులో సగం గొడవ లెక్క తెలియక వచ్చింది. మిగతా సగం మనం అసలు అడగని ఇంకో అంకె వల్ల వచ్చింది.

ముందు లెక్క. ప్లాన్‌లో చెప్పే ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు అని. ఫైలు సైజులో రాసే ఎంబీ అంటే మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి ప్లాన్ అంకెను ఎనిమిదితో భాగించాలి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లకు లాగిన ఆ నెట్‌లో నెలకు 149 రూపాయల ప్లాన్‌కు 15 ఎంబీపీఎస్ దాకా అన్నారు. ఆ 15 పూర్తిగా వచ్చినా సెకనుకు రెండు మెగాబైట్లు కూడా కాదు. 700 ఎంబీ ఫైలుకు ఆరు నిమిషాల పైనే పడుద్ది. కోటా అయిపోయి వేగం 1 ఎంబీపీఎస్‌కు తగ్గిందనుకోండి, అదే ఫైలుకు గంటన్నర.

సాగర్ కుడి కాల్వ నిండా పారుతున్నా మన చేలోకి వచ్చేది తూము పట్టినన్ని నీళ్లే. బ్యాండ్‌విడ్త్ అంటే ఆ తూము సైజు. అయితే టోరెంట్‌లో తూము ఒక్కటే పెద్దదుంటే సరిపోదు, పైనుంచి నీళ్లు వదిలేవాళ్లు కూడా ఉండాలి. ఆ వదిలేది యాడో ఉన్న పెద్ద కంపెనీ కాదు. మనలాంటోళ్లే.

2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికా ప్రోగ్రామర్ బిట్‌టోరెంట్ తయారుచేశాడు. ఫైలును చిన్నచిన్న ముక్కలు చేస్తారు. ఒక ముక్క అందినోడు, మిగతావి వచ్చేలోపే ఆ ముక్కను పక్కోడికి ఇస్తా ఉంటాడు. ఫైలు మొత్తం ఉండి పంచేవాళ్లను సీడర్లు అంటారు.

దీని బలం చిన్న లెక్కతో తెలుస్తది. ఒక సీడర్‌కు 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉంది. తీసుకునేవాళ్లు 20 మంది. వాళ్లెవరూ పంచకపోతే ఒక్కొక్కరికి వచ్చేది అర ఎంబీపీఎస్. ఆ 20 మందీ తలా 1 ఎంబీపీఎస్ ఎక్కించారనుకోండి. మొత్తం 30 అయింది, తలా ఒకటిన్నర. అంటే మూడు రెట్లు. ఒకరు దించుకునే ప్రతి బిట్టూ ఇంకొకరు ఎక్కించిందే.

మరి ఎవరికి ముందు ఇవ్వాలి? ఇది మన చేబదులు లాంటిది. తనకు ఎక్కువ ఇస్తున్నోళ్లకే సాఫ్ట్‌వేర్ తిరిగి ఇస్తది. కోహెన్ పెట్టిన పద్ధతిలో పది సెకన్లకోసారి ఈ లెక్క సరిచూసుకుంటది. కొత్తగా వచ్చినోడి కాడ ఇచ్చేందుకు ఏమీ ఉండదు కదా, అందుకని ముప్పై సెకన్లకోసారి ఎవరో ఒకరికి ఊరికే అవకాశం ఇచ్చి చూస్తది.

చాలామంది డేటా మిగులుద్దని అప్‌లోడ్‌ను దాదాపు సున్నాకు కట్టేస్తారు. అట్టా చేస్తే అవతలోళ్లు మనల్ని వెనక్కి నెడతారు, డౌన్‌లోడే తగ్గిపోద్ది. పూర్తిగా వదిలేసినా ఇబ్బందే. "ముక్క అందింది" అని మన సిస్టం పంపే కబురు కూడా అప్‌లోడ్ దారిలోనే పోవాలి. ఆ దారి నిండితే కబురు ఆలస్యం, దాంతో వచ్చేదీ ఆలస్యం. టెస్ట్‌లో వచ్చిన అప్‌లోడ్‌లో ముప్పావు వంతు, కాస్త అటూఇటుగా పరిమితి పెట్టుకుంటే రెండూ సాగుతయ్.

ఫోన్ హాట్‌స్పాట్ కాడ ఇంకో చిక్కు. మొబైల్ కంపెనీలు వేలమందిని ఒకే అడ్రసు వెనక పెడతాయి. మనం బయటికి పోయి పలకరించొచ్చు గానీ, బయటోడు మన తలుపు తట్టలేడు. సీడర్లు తక్కువున్న ఫైలుకు ఇదే పెద్ద దెబ్బ.

ఇప్పుడు అసలు సంగతి. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం మార్చింది. కనీస డౌన్‌లోడ్ 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచింది. మంచిదే. కానీ అప్‌లోడ్ ఎంత ఉండాలో అందులో లేదు. అంటే మనల్ని తీసుకునేవాళ్లుగానే చూశారు. గురజాల కాడ కూర్చుని వీడియో చేసి పెట్టేవాడికి, మాచర్లలో ఇంటి నుంచి పనిచేసే పిల్లకు, నరసరావుపేట హాస్టల్ నుంచి ప్రాజెక్టు ఫైలు పంపే కుర్రోడికి కావాల్సింది ఎక్కించే దారి. టోరెంట్ ఈ లోటును ముందుగా బయటపెట్టుద్ది, అంతే.

ఒక హెచ్చరిక. టోరెంట్‌లో కొత్త సినిమా దించుకునేవాడు అదే సమయంలో దాన్ని పంచుతున్నాడు కూడా. "నేను చూసుకోడానికే" అన్న మాట ఈడ నిలవదు. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63లో ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలుంది. టోరెంట్ వాడటం మాత్రం తప్పు కాదు. ఉబుంటు లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టంలను వాళ్లే టోరెంట్‌గా ఇస్తారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాలకు కూడా టోరెంట్ ఫైళ్లున్నయ్. అట్టాంటివి దించుకున్నాక వెంటనే మూసేయకండి. రాత్రిపూట రెండు గంటలు సీడ్‌లో ఉంచండి.

ఈసారి కేబులాయన వచ్చినప్పుడు ప్రశ్న మార్చండి: "అన్నా, అప్‌లోడ్ ఎంత?" పదిమంది అడిగితేనే ఆ అంకె కూడా ప్లాన్ కాయితం మీదకు వస్తది.