టీచరమ్మ మాటకు మార్కులెన్ని?

నెల్లూరు జిల్లా ఆత్మకూరు శిశు అభివృద్ధి ప్రాజెక్టులోగానీ ఉదయగిరి ప్రాజెక్టులోగానీ ఒక అంగన్వాడీ కేంద్రం ఎలా నడుస్తోందని అడిగితే లెక్కలు వెంటనే దొరుకుతాయి. ఎంతమంది పిల్లల పేర్లు నమోదయ్యాయి, ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎవరి బరువెంత, ఎవరి ఎత్తెంత, గర్భిణుల్లో ఎవరికి రక్తం తక్కువగా ఉంది, అన్నీ రిజిస్టర్లలోనో ఫోన్ యాప్‌లోనో ఉంటాయి. ఈ లెక్కలు కావలసినవే. వానలు ముఖం చాటేసే ఈ మెట్ట మండలాల్లో పసిబిడ్డ బరువు తగ్గుతోందని నెల ముందే తెలియడం చిన్న సంగతి కాదు. అయితే నాలుగేళ్ల పిల్ల టీచరమ్మ దగ్గరికొచ్చి ఏదో చెప్పబోతే ఆమె తలెత్తి విన్నదా, తిరిగి ఒక ప్రశ్న అడిగిందా అన్నదానికి ఏ రిజిస్టర్‌లోనూ గడి లేదు. పిల్లల చదువును ముందుకు నడిపించేది ఎక్కువగా ఈ మాటామంతీయేనని నాలుగు దశాబ్దాల పరిశోధన చెబుతోంది.

శిశు సంరక్షణ నాణ్యతలో పరిశోధకులు రెండు పొరలు చూస్తారు. గది, మరుగుదొడ్డి, నీళ్లు, బొమ్మలు, టీచర్ చదువు, ఒక్కో టీచరుకు ఎంతమంది పిల్లలు అన్నవి మొదటి పొర. వీటిని టేపుతో కొలవొచ్చు, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ గదిలో పిల్లలకూ పెద్దలకూ మధ్య రోజంతా ఏం జరుగుతోందన్నది రెండో పొర. దీన్ని కొలవాలంటే అక్కడే కూర్చుని చూడాలి. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో థెల్మా హార్మ్స్, రిచర్డ్ క్లిఫర్డ్ 1980లో తెచ్చిన కొలమానం ఈ పనికి దారి వేసింది. శిక్షణ పొందిన పరిశీలకురాలు గదిలో ఓ మూల గంటల తరబడి కూర్చుంటుంది, ఎవరి పనికీ అడ్డం రాదు. పిల్లలు చేతులు కడుక్కోవడం మొదలు పెద్దలతో మాట్లాడే తీరు దాకా ఒక్కో అంశానికి 1 నుంచి 7 వరకు మార్కులు వేస్తుంది. 1 అంటే పిల్లలకు పనికిరాదని, 3 అంటే ఏదో గడుస్తోందని, 5 అంటే బాగుందని, 7 అంటే చాలా బాగుందని. ఒకే గదిని ఇద్దరు విడివిడిగా చూసి వేసిన మార్కులు దగ్గరగా వచ్చేదాకా శిక్షణ ముగియదు. మార్కు గదిని బట్టి రావాలి తప్ప చూసేవాళ్ల ఇష్టాయిష్టాలను బట్టి కాదు. ఈ కొలమానాన్నే చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ తమిళనాడు కేంద్రాలకు తగ్గట్టు మార్చింది.

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం 1998లో శిశు సంరక్షణ కేంద్రాలకు నాణ్యతను బట్టి నక్షత్రాలివ్వడం మొదలుపెట్టింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. నక్షత్రాలు ఎక్కువున్న చోట పిల్లలు నిజంగా ఎక్కువ నేర్చుకున్నారా? 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ఈ ప్రశ్నే వేసింది. అన్ని అంశాలనూ కలిపి వేసిన మొత్తం మార్కు పిల్లల నేర్పును సరిగా పట్టివ్వలేకపోయింది. టీచరుకూ పిల్లలకూ మధ్య జరిగే మాటాముచ్చట, ఆదరణ ఎలా ఉన్నాయో విడిగా కొలిచిన మార్కే దానికి దగ్గరగా వచ్చింది. అన్నింటినీ కూడి ఒక అంకె వేస్తే అసలైనది అందులో మునిగిపోతుందన్నమాట.

మన దగ్గర కూడా ఇలాంటి అధ్యయనం జరిగింది. ఢిల్లీ అంబేడ్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్, యునిసెఫ్ కలిసి 2011 నుంచి 2016 దాకా అస్సాం, రాజస్థాన్, తెలుగు నేల (మొదలుపెట్టినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ముగిసేనాటికి తెలంగాణ) గ్రామాల్లో సుమారు 14 వేల మంది పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచి ఎనిమిదేళ్ల దాకా గమనించాయి. అయిదేళ్లు నిండి బడికి వెళ్లే వయసొచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి ఉండాల్సిన నేర్పు లేదు. అంగన్వాడీల్లో చదువు చెప్పే సమయమే తక్కువ. ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతి పాఠాన్నే చిన్న పిల్లలకు దించి, రాయించి వల్లె వేయించారు. ఆటతో, కథతో, మాటతో నడిచిన కేంద్రాల పిల్లలు మాత్రం ముందున్నారు. ఎల్‌కేజీలో చేరిస్తే చాలుననుకునే తల్లిదండ్రులకు ఈ సంగతి ఎవరో ఒకరు ఓపిగ్గా చెప్పాలి. వాళ్ల ఆశ న్యాయమైనదే.

అంగన్వాడీ టీచరుకు మాట్లాడే తీరిక ఎక్కడిది? 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఆమె మీద ఆహారం, టీకాలు, ఆరోగ్యం, ఇంటింటి పరామర్శ, పూర్వ ప్రాథమిక విద్య అన్నీ పెట్టింది. తోడు ఒక్క ఆయా. ఆయా వంట దగ్గర ఉంటే, టీచరు ఫోన్‌లో వివరాలు ఎక్కిస్తుంటే, పిల్లలతో ఉన్నదెవరు? ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సాగిన అంగన్వాడీల సమ్మెలో జీతాలతో పాటు యాప్‌ల భారం తగ్గించాలన్న మాటా ఉంది. దాన్ని నేను పిల్లల తరఫున అడిగిన మాటగానే చూస్తాను.

ఇంకో మనిషి తోడైతే ఏం మారుతుందో చెప్పే గట్టి రుజువు పొరుగునే ఉంది. అలెహాండ్రో గనిమియన్, కార్తీక్ మురళీధరన్, క్రిస్టఫర్ వాల్టర్స్ తమిళనాడులో 640 అంగన్వాడీలను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం కేంద్రాలకు అదనంగా ఒక మనిషినిచ్చారు. రోజుకు ఒక పూట వచ్చి పిల్లల చదువు మాత్రమే చూసుకునే స్థానిక మహిళ ఆమె. పిల్లలకు దక్కే బోధన సమయం రెట్టింపైంది. పాత టీచరుకు పోషణ, ఆరోగ్యం పనులకు తీరిక చిక్కింది. ఏడాదిన్నర తర్వాత ఆ కేంద్రాల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ ముందుకెళ్లారు, వయసుకు తగ్గ ఎత్తు లేనివారూ తీవ్ర పోషకాహార లోపమున్నవారూ తగ్గారు. చదువుకు మనిషినిస్తే పోషణ కూడా బాగుపడడం నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న ఫలితం.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతానికి ఇలాంటి కొలమానం రాయాల్సి వస్తే ఇక్కడి నేలను చూసే రాయాలి. నీళ్లతో మొదలుపెట్టాలి. ఉదయగిరి, వరికుంటపాడు వైపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యేది చాలావరకు ఎనిమిదేళ్లలోపే. ఆ వయసులో తాగిన ఇలాంటి నీరు పంటి మీద చెరగని మచ్చ వేస్తుంది. వేరే వనరు లేకపోతే తప్ప ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదన్నది దేశ ప్రమాణం. కేంద్రంలో కుళాయి ఉందా అని అడిగి ఊరుకోకుండా బిందెలో నీళ్లు ఎక్కడివో అడగాలి.

భాష కూడా అంతే. ఉదయగిరిలో ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి. ఆ ఇళ్ల పిల్ల తన మాటలో ఏదైనా చెబితే కేంద్రంలో అర్థం చేసుకునేవాళ్లున్నారా? జిల్లాలో పెద్ద సంఖ్యలో ఉన్న యానాది గిరిజనుల పిల్లలను పేరు పెట్టి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటున్నారా? ఇవి పరిశీలకురాలు కళ్లారా చూసి మార్కు వేయగల సంగతులే.

ఇక ఆట వస్తువులు. బొమ్మలు పాడైపోతాయని బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. హార్మ్స్, క్లిఫర్డ్‌ల కొలమానంలో తాళం వెనకున్న బొమ్మ లేనట్టే లెక్క. పిల్లల చేతికందే ఎత్తులో, రోజులో తగినంత సేపు ఉంటేనే మార్కు. భౌగోళిక గుర్తింపు పొందిన కొయ్య గరిటెలూ చెంచాలూ చెక్కే ఊరు ఉదయగిరి. ఆ పనివాళ్ల చేత నున్నటి కొయ్య దిమ్మెలు, చిన్నా పెద్దా గరిటెలు చేయించి ఇస్తే పిల్లలు జతలు కూరుస్తారు, వరసలు పెడతారు, ఏది పెద్దదో తేల్చుకుంటారు. అంకెలు దిద్దడానికి ముందు రావలసిన గణితం ఇదే. చింతగింజలు, వామనగుంటల పీట ఉంటే అయిదేళ్ల వాళ్లకు కూడికా తీసివేతా ఆటలోనే పట్టుబడతాయి. మింగే వయసు పిల్లలకు మాత్రం గింజలు అందకూడదు.

మార్కు వేశాక దాన్ని ఎవరి చేతిలో పెడతారన్నది మిగిలిన ప్రశ్న. టీచరుకు తాఖీదుగా అందితే మరుసటిసారి పరిశీలకురాలు వచ్చే రోజుకు గది ముస్తాబవుతుంది, అంతే. 2 వచ్చిన కేంద్రానికి ముందుగా వెళ్లాల్సింది మనిషి సాయం. సూపర్‌వైజర్ ఒక పూటంతా అక్కడే ఉండి, పిల్లలతో తానూ కథ చెప్పి చూపి, ఒక్క అంశం మార్చడానికి టీచరమ్మతో కలిసి పని చేసి, నెల తర్వాత మళ్లీ వచ్చి అదే అంశం చూడాలి. మర్రిపాడు, సీతారామపురం లాంటి దూరపు మండలాల కేంద్రాల వంతు ఆఖరున రాకూడదు.