మొదటి 27 మ్యాచ్‌లు ఏం చెబుతాయి?

బేస్‌బాల్‌లో యావరేజ్ క్రికెట్ యావరేజ్ లాంటిది కాదు. బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరితే అది ఒక హిట్. హిట్ల సంఖ్యను ఎట్-బ్యాట్‌లతో, అంటే లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాలతో, భాగిస్తే బ్యాటింగ్ యావరేజ్ వస్తుంది. 0.300 వస్తే మంచి బ్యాటర్ కింద లెక్క. మీ పిల్లలు తొమ్మిదో తరగతిలో చదివే సాంఖ్యక శాస్త్రానికి ఇది చక్కని ఉదాహరణ.

ఆరన్ జడ్జ్ సంగతి చూడండి. 2016లో న్యూయార్క్ యాంకీస్ జట్టులోకి వచ్చి 27 మ్యాచ్‌లు ఆడాడు. 84 ఎట్-బ్యాట్‌లలో 15 హిట్లు, యావరేజ్ 0.179. 42 సార్లు స్ట్రైక్ అవుట్. ఇలాంటి ప్రోగ్రెస్ కార్డు మన ఇంటికి వస్తే ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడరు! మరుసటి ఏడాది అతను 52 హోమ్‌రన్లు కొట్టాడు. కొత్త ఆటగాళ్లలో అప్పటికి అదే రికార్డు. 2022లో 62 కొట్టి అమెరికన్ లీగ్ రికార్డూ సాధించాడు.

మరి ఆ 0.179 అబద్ధమా? కాదు. కానీ 84 చాలా చిన్న సంఖ్య. నిజంగా 0.300 సత్తా ఉన్న ఆటగాడికి కూడా 100 ఎట్-బ్యాట్‌లలో కేవలం అదృష్టం వల్ల యావరేజ్ 0.254 నుంచి 0.346 దాకా ఊగుతుంది. అదీ మూడింట రెండు వంతుల సార్లే. మిగతా సార్లు ఇంకా దూరం పోతుంది. 500 అయితే ఆ ఊగిసలాట సగానికన్నా తగ్గుతుంది. ఇంట్లో నాణెం 10 సార్లు, తర్వాత 100 సార్లు ఎగరేయించి బొమ్మలు లెక్కపెట్టించండి, పిల్లలకే అర్థమవుతుంది. 20 మార్కుల స్లిప్ టెస్టు ఒక్కటి చూసి మనం ఎంత తేల్చేస్తున్నామో కూడా అప్పుడే తెలుస్తుంది.

అలాగని అంతా అదృష్టం మీదికి నెట్టకూడదు. జడ్జ్ 2017లోనూ 208 సార్లు స్ట్రైక్ అవుట్ అయ్యాడు. ఆ బలహీనత నిజమైనదే. అందుకే టోటల్ మార్కుల కన్నా ఏ రకం తప్పు ప్రతి పరీక్షలోనూ వస్తోందో చూడమని మా టీచర్లు అడుగుతుంటారు.

వయసూ చూడాలి. మైక్ ట్రౌట్ 2011లో 40 మ్యాచ్‌లలో 0.220 సాధించాడు. అదీ తక్కువే. కానీ అప్పటికి అతనికి 19 ఏళ్లు. జడ్జ్ మొదలుపెట్టింది 24 ఏళ్లకు. మరుసటి ఏడాది ట్రౌట్ యావరేజ్ 0.326, హోమ్‌రన్లు 30. (ఒకటో తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరి మధ్య కూడా దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు.)

ఆరంభం అదిరినవాళ్లూ ఉన్నారు. 1980లో క్లీవ్‌లాండ్ ఆటగాడు జో షార్బొనో 131 మ్యాచ్‌లలో 0.289 యావరేజ్‌తో 23 హోమ్‌రన్లు కొట్టి, అమెరికన్ లీగ్‌లో ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 131 మ్యాచ్‌లంటే చిన్న సంఖ్య కాదు. మరుసటి వసంతంలో వెన్నుకు గాయమైంది. ఆ తర్వాత రెండు సీజన్లలో కలిపి 70 మ్యాచ్‌లు, 6 హోమ్‌రన్లు. 1982 తర్వాత మేజర్ లీగ్‌లో మళ్లీ ఆడలేదు.