తాబా కేసులో చేరిన మూడు ఛార్జీలు

గుంటూరు కోర్టులో క్రిమినల్ కేసులు వాదిస్తూనే జుట్టు నెరిసింది నాకు. కొత్తగా చేరే జూనియర్ల చేతిలో ముందు అకాయేసు తీర్పు పెడతాను. "ఆఫ్రికా తీర్పు మనకెందుకు మేడమ్?" అంటారు. చదివాక మళ్లీ అడిగినవాళ్లు లేరు.

జ్యాఁ-పాల్ అకాయేసు రువాండాలో తాబా అనే కమ్యూనుకు పెద్ద. ఒకప్పటి బడిపంతులు. అక్కడి పోలీసులు అతని చెప్పుచేతల్లోనే ఉండేవాళ్లు. 1994 ఏప్రిల్‌లో టుట్సీల ఊచకోత మొదలైన తొలి రోజుల్లో దాన్ని ఆపాలనే చూశాడు. 18న తాత్కాలిక ప్రభుత్వ పెద్దల సమావేశానికి వెళ్లొచ్చాక మనిషి మారిపోయాడు. మర్నాడే జనాన్ని చంపడానికి ఉసిగొల్పాడు. తీర్పు మొత్తంలో నన్ను నిద్రపోనివ్వనిది ఈ ఒక్క రోజు తేడాయే.

జాంబియాలో పట్టుబడ్డ అతన్ని టాంజానియాలోని అరూషాలో ఐక్యరాజ్యసమితి ట్రిబ్యునల్ విచారించింది. మొదట 12 ఛార్జీలు పెట్టారు. వాటిలో అత్యాచారం ఊసే లేదు. 1997 జనవరిలో 'జె' అనే సాక్షి, ఎవరూ అడక్కుండానే, తన ఆరేళ్ల కూతుర్ని ముగ్గురు చెరిచారని చెప్పింది. మార్చిలో 'హెచ్' అనే సాక్షి తన మీద జరిగిన అత్యాచారం గురించీ, కమ్యూను ఆఫీసు దగ్గర మిగతా ఆడవాళ్ల మీద జరిగిన వాటి గురించీ చెప్పింది. ముగ్గురు జడ్జీల బెంచీలో ఒకే ఒక్క మహిళ, నవనీతం పిళ్లై. డర్బన్‌లో బస్సు డ్రైవరు కూతురు, తమిళ కుటుంబం. సాక్షులు చెప్పిన మాటల్ని బెంచీ దులిపేసుకోలేదు, గుచ్చి గుచ్చి అడిగింది. బయట మహిళా సంఘాలూ ఒత్తిడి తెచ్చాయి. జూన్‌లో ప్రాసిక్యూషన్ లైంగిక హింస మీద మరో మూడు ఛార్జీలు చేర్చింది.

తీర్పు చెప్పేలోగా ఎప్పుడైనా ఛార్జి మార్చే అధికారం మన కోర్టులకూ ఉంది. పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 216, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 239. అది ఎంత అరుదుగా బయటికొస్తుందో మా బార్‌లో ఎవర్నడిగినా చెబుతారు.

1998 సెప్టెంబరు 2న తీర్పు వచ్చింది. ఒక అంతర్జాతీయ కోర్టు విచారణ జరిపి, జాతి నిర్మూలన నేరం రుజువైందనడం అదే మొదలు. 15 ఛార్జీల్లో 9 నిలిచాయి, 6 వీగిపోయాయి. జీవిత ఖైదు పడింది.

ఈ నేరానికి శవాల లెక్క చాలదు. ఒక వర్గాన్ని, ఆ వర్గం అయినందుకే, పూర్తిగానో కొంతగానో తుడిచిపెట్టాలన్న ఉద్దేశం రుజువు కావాలి. ముద్దాయి దాన్ని కాగితం మీద రాసిపెట్టడు కదా. ఎవర్ని ఏరి చంపారు, ఎవర్ని వదిలేశారు, పెద్దలు ఏం మాట్లాడారు అన్నవాటి నుంచి పోగేసుకోవాలి. ఇంకో చిక్కు, 1948 జాతి నిర్మూలన ఒప్పందం కాపాడేది నాలుగు రకాల వర్గాలనే: జాతీయత, తెగ, జాతి, మతం. చంపినవైపున్న హుటూలదీ, బలైన టుట్సీలదీ ఒకే భాష, ఒకే ఊళ్లు, చాలామందికి ఒకే చర్చి. మరి వేర్వేరు వర్గాలని ఎలా తేల్చడం? జడ్జీలు గుర్తింపు కార్డు చూశారు. బెల్జియం పాలకులు మొదలుపెట్టిన ఆ కార్డులో హుటూనా టుట్సీనా అని రాసి ఉంటుంది. రోడ్డుమీద అడ్డంకులు పెట్టి, ఆ గడి చూసే చంపారు. పుట్టుకతో వచ్చి మారని వర్గాలన్నిటికీ రక్షణ ఉంటుందని కూడా బెంచీ ఒక మాటంది. అది ఒప్పందాన్ని మరీ సాగదీయడమేనని నా అభిప్రాయం. కార్డు ఒక్కటే చాలేది.

వర్గాన్ని నాశనం చేసే ఉద్దేశంతో చేసిన అత్యాచారం కూడా జాతి నిర్మూలనేనని అదే తీర్పు తేల్చింది. ఏ అవయవం, ఏ వస్తువు అని జాబితా రాయకుండా, బలవంతపు పరిస్థితుల్లో శరీరం మీద జరిగిన లైంగిక దాడిగా అత్యాచారాన్ని నిర్వచించింది. చుట్టూ ఆయుధాలతో మిలీషియా నిలబడి ఉంటే బెదిరింపును విడిగా రుజువు చేయనక్కర్లేదంది. మన ఐపీసీ సెక్షన్ 375లో అత్యాచారానికున్న ఇరుకు నిర్వచనం మారడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది.

హేగ్‌లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కోసం సభ్యదేశాలు 2002లో ఆమోదించిన 'నేరాల అంశాలు' అనే పత్రంలో జాతి నిర్మూలన కింద చిన్న పాదసూచిక ఉంటుంది: తీవ్రమైన శారీరక, మానసిక హానిలోకి అత్యాచారం కూడా రావచ్చని. అరూషాలో ఆ ఇద్దరు ఆడవాళ్లు చెప్పింది అలా అక్కడికి చేరింది. ఆ కోర్టు 'లీగల్ టూల్స్' పేరుతో తీర్పులు, ఛార్జిషీట్లు, ఒప్పందాలు లక్షకు పైగా ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. దానికి తోడుగా తయారైన 'కేస్ మ్యాట్రిక్స్' నేరాన్ని అంశాలుగా విడగొట్టి, ఏ అంశానికి ఏ కోర్టు ఎలాంటి సాక్ష్యాన్ని ఒప్పుకుందో చూపిస్తుంది. యుద్ధం నుంచి తేరుకుంటున్న దేశంలో లైబ్రరీ తగలబడిపోయిన పబ్లిక్ ప్రాసిక్యూటరుకు ఇది ఎంత ఆసరాయో ఊహించండి.

మన దేశం 1959లోనే జాతి నిర్మూలన ఒప్పందాన్ని ధ్రువీకరించింది, హేగ్ కోర్టులో మాత్రం చేరలేదు. 1984 సిక్కుల ఊచకోత కేసులో ఢిల్లీ హైకోర్టు 2018 డిసెంబరులో తీర్పిస్తూ, జాతి నిర్మూలనగానీ మానవాళిపై నేరాలుగానీ మన చట్టంలో లేవని, ఈ లోటు వెంటనే పూడ్చాలని చెప్పింది. 2024 జూలై 1న కొత్త న్యాయ సంహిత అమల్లోకొచ్చింది. కులం, సముదాయం వంటి కారణాలతో అయిదుగురో అంతకు మించో కలిసి హత్య చేస్తే అందులో సెక్షన్ 103(2) ఉంది. జాతి నిర్మూలనకు సెక్షన్ లేదు.