తుపాకీకి పద్దు, మనిషికి షీటు

ఎన్నికల షెడ్యూలు వెలువడిందంటే మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పోలీసు స్టేషన్లలో రెండు పనులు మొదలవుతాయి. లైసెన్సు తుపాకులున్నవాళ్లు వాటిని తెచ్చి అప్పగించి రసీదు తీసుకుంటారు. రౌడీషీటున్నవాళ్లకు కబురు వెళుతుంది. వాళ్లను తహసీల్దారు ముందు నిలబెట్టి, గొడవలకు దిగబోమని పూచీకత్తు రాయించి బైండోవర్ చేయిస్తారు. మొదటిది వస్తువు మీద అదుపు, రెండోది మనిషి మీద అదుపు. రెండూ శాంతి కోసమేనని ప్రభుత్వం చెబుతుంది, ఉద్దేశాన్ని శంకించనక్కర్లేదు. కానీ వస్తువును అదుపు చేయడానికి గట్టి చట్టముంది, అమలు వదులు. మనిషిని అదుపు చేయడానికి చట్టం పలచన, అమలు మాత్రం బిగువు. ఆయుధాలు ఎవరి చేతిలో ఉండాలి, ప్రభుత్వం ఎవరి ఇంట్లోకి తొంగిచూడవచ్చు అనే రెండు ప్రశ్నలను మనం విడివిడిగా అడుగుతున్నాం. కడప, కర్నూలు జిల్లాల అనుభవం చూస్తే ఇవి ఒకే ప్రశ్నకు రెండు కొసలు. వస్తువును పట్టుకోలేని చోటే ప్రభుత్వం మనిషిని పట్టుకుంటుంది.

తుపాకుల చర్చ అనగానే అమెరికా గుర్తుకు రావడం సహజం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఓలేతలోని ఒక బారులో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినప్పటి నుంచి అది తెలుగు ఇళ్లకు పరాయి సంగతి కాకుండా పోయింది. అక్కడ తుపాకీ ఉంచుకోవడం రాజ్యాంగం 1791లోనే రాసిచ్చిన హక్కు. మన దగ్గర అది ప్రభుత్వం ఇస్తే దక్కే అనుమతి మాత్రమే. అయితే మనవాళ్లు ఆ హక్కు ఊసే ఎత్తలేదనుకోకూడదు. 1857 తిరుగుబాటు తర్వాత దొరలు జనం చేతుల్లోంచి ఆయుధాలు లాక్కున్నారు, 1878లో ఆయుధాల చట్టం తెచ్చారు. ఆ అవమానం మనసులో ఉంది కనుకనే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కు కూడా చేరింది. 1948లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చమన్నారు, అంబేద్కర్ ఒప్పుకోలేదు. స్వతంత్ర భారతం 1959లో సొంత ఆయుధాల చట్టం చేసుకుంది. 2019 సవరణతో ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది, పెళ్లిళ్లలో ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చడం నేరమైంది. కాగితం మీద ఇంతకన్నా కట్టుదిట్టమైన చట్టం అడగనక్కర్లేదు.

వదులంతా లైసెన్సు ఇచ్చే చోట ఉంది. దరఖాస్తు వస్తే పోలీసు నివేదిక తెప్పించుకుని జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు నిర్ణయిస్తారు. పిస్టలు, రివాల్వరు వంటివి కోరేవాడు సరైన కారణం చూపించాలని చట్టంలోని 13వ సెక్షన్ అంటుంది. రాయలసీమలో ఆ కారణం సాధారణంగా ఒక్కటే: ప్రాణహాని. ఇక్కడే చిక్కు. ఎవరికి నిజంగా ప్రాణహాని ఉంటుంది? ఎవరితోనో కక్ష ఉన్నవాడికి, ఏ దందాలోనో తగాదా ఉన్నవాడికి. అంటే తుపాకీ అడగడానికి పనికొచ్చే కారణమే చాలాసార్లు తుపాకీ ఇవ్వకూడని కారణం కూడా. 2023 మార్చిలో పులివెందులలో డబ్బు తగాదాలో పట్టపగలు కాల్పులు జరిగి ఒకరు చనిపోయారు, మరొకరు గాయపడ్డారు. కాల్చింది లైసెన్సు తుపాకీతోనేనని వార్తలు రాగానే జిల్లా అంతా ఒకటే అడిగింది: ఆ లైసెన్సు ఎవరి సిఫారసుతో వచ్చింది? 2021 జూన్‌లో అదే మండలంలోని ఒక పల్లెలో దగ్గరి వాళ్ల మధ్య గొడవ రేగి ఒకాయన మరొకరిని కాల్చి చంపి, తనను తాను కాల్చుకున్నాడు. ఇలాంటివి తరచుగా జరగవు, నిజమే. కానీ జరిగినప్పుడు తప్పు తూటాదొక్కదానిదే కాదు, దాన్ని అనుమతించిన సంతకానిది కూడా. ఆ సంతకానికి ఆధారమైన నివేదికలో ఏముందో జనానికి ఎన్నడూ తెలియదు.

అయినా సీమ హింసకు తుపాకీ అసలు పనిముట్టు కాదు. 1998 మేలో పులివెందుల నాయకుడు వై.ఎస్. రాజారెడ్డిని చంపింది బాంబులతో. అంతకు ముందు ఏడాది నవంబరులో హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో అనంతపురం జిల్లా నాయకుడు పరిటాల రవి మీద గురిపెట్టిన కారు బాంబు ఆయన్ని వదిలి 26 మందిని బలితీసుకుంది. ఆయన్ని తుపాకీతో చంపింది 2005 జనవరిలో, అనంతపురంలోని ఆయన పార్టీ కార్యాలయంలో. పల్లెల్లో జరిగిన పేరులేని చావుల్లో కనిపించేవి వేటకొడవళ్లు, నాటుబాంబులు. కొడవలిని ఏ చట్టమూ ఆపలేదు, ఆపనక్కర్లేదు కూడా. బాంబు సంగతి వేరు, దానికి ముడిసరుకు కావాలి. గనులూ క్వారీలూ ఉన్న కడప జిల్లాలో జిలెటిన్ స్టిక్స్, డిటోనేటర్లు రోజూ బండ్లెక్కి తిరుగుతుంటాయి. వీటికి 1884 నాటి పేలుడు పదార్థాల చట్టముంది, 2008 నిబంధనలున్నాయి, నాగపూర్‌లో కేంద్ర సంస్థ ఉంది. కొన్నదానికీ పేల్చినదానికీ మిగిలినదానికీ లెక్క రాయాలి. ఆ లెక్క ఎలా నడుస్తోందో 2021 మే 8న తెలిసింది. మైదుకూరు నుంచి పోరుమామిళ్ల మీదుగా వెళితే వచ్చే కలసపాడు మండలం మామిళ్లపల్లెలో, క్వారీ దగ్గర జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి పది మంది కూలీలు ముక్కలైపోయారు. అది ఫ్యాక్షన్ కక్షల హత్య కాదు, ప్రమాదం. కానీ అంత సరుకు అంత నిర్లక్ష్యంగా కూలీల చేతుల మీదుగా దిగుతున్న చోట, అందులోంచి నాలుగు స్టిక్స్ పక్కదారి పడితే పట్టుకునేదెవరు?

ఇక మనిషి మీద నిఘా చూద్దాం. రౌడీషీటు తెరవడానికి ఆధారం శాసనసభ చేసిన చట్టం కాదు, పోలీసు శాఖ తనకోసం తాను రాసుకున్న స్టాండింగ్ ఆర్డర్లు. ఒకసారి షీటు తెరిస్తే స్టేషన్లో ఫోటో, పిలిచినప్పుడల్లా హాజరు, అర్ధరాత్రి తలుపు తట్టి ఇంట్లో ఉన్నాడా అని చూడటం. కేసు కొట్టేసినా షీటు కొనసాగిన సందర్భాలు హైకోర్టు ముందుకు ఎన్నోసార్లు వచ్చాయి. అనుమానితుల ఇళ్లకు రాత్రిపూట ఇలా వెళ్లడం చెల్లదని సుప్రీంకోర్టు ఖడక్ సింగ్ కేసులో 1962లోనే చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కు అన్నారు. దాన్ని తగ్గించాలంటే ముందు ఒక చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి మించి చొరబడకూడదు. ఈ కొలతతోనే 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం రౌడీషీట్లను పరిశీలించింది. స్టాండింగ్ ఆర్డర్లు చట్టం కాదని, వాటి బలంతో ఫోటోలు, వేలిముద్రలు తీసుకోవడం, రాత్రిళ్లు ఇళ్లకు వెళ్లడం కుదరదని చెప్పింది. ప్రభుత్వానికి నిఘా అధికారమే లేదనలేదు. అది కావాలంటే చట్టం చేసుకోమంది. అదే ఏడాది కేంద్రం తెచ్చిన నేర గుర్తింపు చట్టం అరెస్టయినవాళ్ల వేలిముద్రలు, కనుపాప గుర్తులు తీసుకుని 75 ఏళ్లు దాచుకోవచ్చంటోంది. షీటుకు ఒక గడువంటూ ఉండాలని ఒకవైపు వాదిస్తుంటే మరోవైపు ముప్పావు శతాబ్దపు చిట్టా సిద్ధమైంది.

పోలీసుల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. షీట్లూ కార్డన్ సెర్చులూ లేకపోతే సీమ ఈ మాత్రం చల్లబడేదా అని వాళ్లు అడుగుతారు. ఊరిని తెల్లవారుజామున చుట్టుముట్టి ఇల్లిల్లూ వెతికితే బాంబులు దొరికిన రోజులున్నాయి. కానీ చల్లబడడానికి ఇంకా బలమైన కారణాలున్నాయి. నాయకుల సంపాదన ఊరి పొలాల నుంచి కాంట్రాక్టులకు, హైదరాబాదు, బెంగళూరు స్థలాలకు మళ్లింది. వాళ్ల పిల్లలు చదువులకు పోయి తిరిగి రాలేదు. కక్షకు మనుషుల్ని పోగుచేసే ఖర్చు దండగైపోయింది. షీటు మాత్రం వాళ్లవెంట తిరిగినవాడి మీదే మిగిలింది. ఇరవై ఏళ్ల కిందట నాయకుడి జీపెక్కినందుకు ఇవాళ మనవడి పెళ్లికి వేరే ఊరు వెళ్లాలన్నా స్టేషన్లో చెప్పి వెళ్లాల్సిన పరిస్థితి. ఆ నాయకుడికేమో ప్రభుత్వం జీతమిచ్చే గన్‌మెన్. ఒకే కక్షలో ఒక కొసకు కాపలా, రెండో కొసకు నిఘా! దీన్ని శాంతిభద్రతల లెక్క అనడం కష్టం. పైగా లెక్కాజవాబూ లేని నిఘా బీదవాడి గుమ్మం దగ్గరే ఆగుతుందన్న భరోసా లేదు. తెలంగాణలో 2024 మార్చిలో కేసుగా బయటపడ్డ ఫోన్ ట్యాపింగ్ వ్యవహారంలో బాధితులమంటూ ముందుకొచ్చినవాళ్లలో రాజకీయ నాయకులు కూడా ఉన్నారు. ట్యాపింగ్ ఉత్తర్వులను ఒక కమిటీ సమీక్షించాలని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఆ కంచె ఉన్న చోటే ఇంత జరిగిందన్న ఆరోపణ వస్తే, ఏ కంచే లేని రౌడీషీటు గురించి చెప్పేదేముంది.

ఇటు ఎదురు వాదనా ఉంది. దొంగ తుపాకీకి లైసెన్సు అడగడు, చట్టం బిగిస్తే నష్టపోయేది మర్యాదస్తుడే కదా అంటారు. ఊళ్లో పోలీసు అందుబాటులో లేని ఒంటరి ఇంటివాడి నోటి నుంచి ఈ మాట వస్తే అందులో న్యాయముంది. కక్షలున్న ఊళ్లో మాత్రం ఆయుధం ఆత్మరక్షణ దగ్గర ఆగదు. ఒక పార్టీవాడికి పిస్టలు వచ్చిందంటే రెండో పార్టీవాడికి ప్రాణహాని పెరిగినట్టే. అతని దరఖాస్తుకు కారణం తయారైనట్టే. అలా రెండు వైపులా చట్టబద్ధంగానే తుపాకులు చేరతాయి. అందుకే లైసెన్సు అడిగినవాడి ప్రాణహానితో పాటు అతనివల్ల ఎదుటివాడికున్న ప్రాణహానిని కూడా నివేదికలో రాయాలనడం అత్యాశేమీ కాదు.

అలాగైతే తుపాకీదారుల పద్దు మాత్రం గోప్యతకు భంగం కాదా అని అడగవచ్చు. అమెరికా ఈ భయాన్ని చివరిదాకా తీసుకెళ్లింది. కేంద్ర ప్రభుత్వం తుపాకీదారుల జాబితా పెట్టుకోకూడదని 1986 చట్టం కట్టడి చేసింది. వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో నేరాల్లో దొరికిన తుపాకులు ఎవరివో వెతికే కేంద్రంలో, మూతపడ్డ దుకాణాల కాగితాలను పేరుతో వెతికే వీల్లేదు; మనుషులు ఒక్కో పుట తిప్పి చూడాల్సిందే. మన దగ్గర ప్రతి లైసెన్సుకూ జాతీయ డేటాబేసులో ప్రత్యేక సంఖ్య ఉంది, అది మంచిదే. తుపాకీ పద్దుకూ రౌడీషీటుకూ పెద్ద తేడా ఉంది. తుపాకీ కోరినవాడు తనంతట తానే వచ్చి, ప్రమాదకరమైన వస్తువు కోసం తన వివరాలిచ్చాడు. షీటున్నవాడు ఏమీ కోరలేదు. మొదటివాడి పేరు, ఇంటి చిరునామా గోడకు అంటించనక్కర్లేదు. దొంగలకు దారి చూపినట్టవుతుంది. కానీ ఏ మండలంలో ఎన్ని లైసెన్సులున్నాయి, ఏ కారణంతో ఇచ్చారు, ఎన్ని తిరస్కరించారు, ఎన్ని రద్దు చేశారు అనే లెక్కలు ఏటా ప్రకటిస్తే ఎవరి గోప్యతా పోదు. క్వారీల జిలెటిన్ లెక్కకూ ఇదే వర్తిస్తుంది. 2024 ఎన్నికల తర్వాత కౌంటింగు రోజుల్లో సీసాల్లో, క్యాన్లలో పెట్రోలు పోయవద్దని బంకులకు ఆంక్షలు పెట్టారు. పెట్రోలు బాంబుల భయానికి ఎవరి ఇంట్లోనూ చొరబడకుండా, ఎవరి వేలిముద్రా తీసుకోకుండా చేసిన పని అది. జిలెటిన్ దగ్గరా అదే దారి పట్టవచ్చు: స్టిక్ గోదాము దాటినప్పటి నుంచి పేలేదాకా ఎవరి చేతిలో ఉందో సంఖ్యతో సహా నమోదు చేసి, మిగిలింది అదే సాయంత్రం వెనక్కి చేర్చాలి. నాటుబాంబుకు సరుకు దొరకని ఊళ్లో కార్డన్ సెర్చుకు అవసరమే తగ్గుతుంది.

లంకమల, నల్లమల అంచుల రైతును మరిచిపోతే ఈ చర్చ పట్టణపు చర్చ అయిపోతుంది. పసుపు, ఉల్లి, వేరుశనగ మడుల్లో అడవిపందులు పడితే ఒక్క రాత్రిలో ఏడాది పెట్టుబడి పోతుంది. అందుకే కొందరు కరెంటు తీగలు పరుస్తారు, కొందరు నాటుబాంబు ఉండలు పెడతారు. వాటికి పందులతో పాటు పశువులూ, పొరపాటున అటుగా నడిచిన మనుషులూ బలవుతున్నారు. విచిత్రమేమిటంటే 1959 చట్టం రైతును మరిచిపోలేదు. పంట కాపాడుకోవడానికి నాటు మందు దట్టించి పేల్చే తుపాకీ కోరితే, అభ్యంతరం లేకపోతే లైసెన్సు ఇవ్వాలనే 13వ సెక్షన్ ధోరణి. పిస్టలు కోరేవాడికి పెట్టినంత పట్టింపు ఇక్కడ లేదు. పందిని చంపాలంటే అటవీ శాఖ అనుమతి విడిగా కావాలి, అది సరే. కానీ జిల్లా కేంద్రానికి పదిసార్లు తిరగగలిగినవాడికీ, సిఫారసు లేఖ తేగలిగినవాడికీ పిస్టలు దక్కుతుంటే, చట్టం సులువు చేసిన రైతు లైసెన్సు కోసం ఎంతమంది అడుగుతున్నారు, ఎంతమందికి వస్తోంది అన్నదే మండలాలవారీ లెక్కల్లో ముందుగా చూడాల్సిన అంకె.