పాత పార్కుకు కొత్త కళ ఎలా వస్తుంది?



మొన్న పేరెంట్స్ మీటింగ్ రోజున మార్కుల సంగతి మాట్లాడడం అయ్యాక, ఒక నాన్నగారు లేవబోతూ మళ్లీ కూర్చున్నారు. "మేడం, ఈ ఏడు కూడా పిల్లల్ని కైలాసగిరికేనా? మా పెద్దమ్మాయి ఎనిమిదిలో ఉన్నప్పుడూ అక్కడికే తీసుకెళ్లారు. అదే టాయ్ ట్రైను, అదే శివపార్వతుల విగ్రహం ముందు ఫొటో. దానికి మళ్లీ ట్రిప్పు ఫీజు కట్టాలా?" అని అడిగారు. పక్క కుర్చీలో ఉన్న అమ్మగారు అందుకున్నారు. "భువనేశ్వర్ దగ్గర వండర్లా పెట్టారట కదండీ, అక్కడికి తీసుకెళ్లొచ్చు కదా. పాత పార్కుల్లో ఆ రైడ్లు ఎక్కించాలంటేనే నాకు భయం."

వెనక ఇంకా పదిమంది నిలబడి ఉండడంతో ఆ ఇద్దరికీ ఆరోజు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే, వాళ్లు అడిగినవి రెండు వేర్వేరు ప్రశ్నలని అర్థమైంది. ఒకటి విసుగు గురించి, రెండోది భద్రత గురించి. పార్కు పాతబడితే ఈ రెండూ కలిసే వస్తాయి కానీ రెండింటికీ మందు ఒకటి కాదు. మన మీద ఎక్కువ ప్రభావం చూపేది రెండోది కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

నౌపడా ఉప్పు మడుల దగ్గర ఇల్లున్న పిల్లలు నా క్లాసులో ముగ్గురు ఉన్నారు. వాళ్ల సైకిల్ చైన్లు, గేట్ల బందులు ఎంత త్వరగా తుప్పు పడతాయో వాళ్ల ఇళ్లలో అందరికీ తెలుసు. విశాఖలో బీచ్ రోడ్డు పొడవునా, పైన కైలాసగిరి కొండ మీద కూడా వీచేది అదే ఉప్పుగాలి. సముద్రం ఒడ్డున ఇనుముతో ఏం కట్టినా, ఊరి లోపల కట్టినదానికంటే త్వరగా ముసలిదవుతుంది. అది చాలదన్నట్టు తుఫాన్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కైలాసగిరి మీద చెట్లు ఎలా పడిపోయాయో టీవీలో చూసే ఉంటారు. పార్కులో కొంత భాగాన్ని మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సి వచ్చింది.

తుప్పు కంటికి కనబడుతుంది. కనబడనిది ఇంకొకటి ఉంది. ఒక ఇనుప తీగను ఒకేచోట అటూ ఇటూ పదే పదే వంచి చూడండి. కాసేపు ఏమీ కాదు, తర్వాత ఉన్నట్టుండి పుటుక్కున తెగుతుంది. తిరిగే రైడ్లలో ఇనుప చేతులకు, వెల్డింగ్ అతుకులకు జరిగేదీ ఇదే. ప్రతి తిప్పులో అవి కొంచెం వంగి మళ్లీ నిలబడతాయి. వేల తిప్పుల తర్వాత అతుకు దగ్గర వెంట్రుకంత పగులు పుడుతుంది. పైన రంగు ఉంటే అది అసలు కనిపించదు. అందుకే మంచి పార్కులు సీజను కాని రోజుల్లో రైడ్లను ఆపి, ముఖ్యమైన అతుకుల దగ్గర రంగు గీకి పరీక్షిస్తాయి. ఆ పరీక్షల్లో ఒకటి పిల్లలకు చెబితే భలే నచ్చింది. అతుకు మీద ఎర్రటి ద్రవం పూస్తారు. కాసేపాగి శుభ్రంగా తుడిచేసి, పైన తెల్లటి పొడి చల్లుతారు. పగులు ఉంటే లోపలికి దిగిన ఎరుపు ఆ తెల్లపొడి మీదికి గీతలా వచ్చేస్తుంది. మన దేశంలో ఇలాంటి రైడ్ల భద్రత కోసం భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 15475 అనే ప్రమాణాన్ని తెచ్చింది. ఏదైనా పార్కు ఆఫీసులో మీరు ఆ నంబరు చెప్పి అడిగితే, వాళ్లు జవాబు చెప్పే తీరులోనే మీకు చాలా సంగతులు తెలిసిపోతాయి.

పేరు ఎందుకు గానీ, బీఈడీ చదివే రోజుల్లో స్నేహితురాళ్లతో ఒక పార్కుకి వెళ్లాను. గుండ్రంగా తిరిగే రైడ్‌లో నా సీటు బెల్టుకి బకిల్ లేదు. నడిపే అబ్బాయి రెండు కొసలూ కలిపి ముడివేసి "ఏం కాదక్కా, రోజూ ఇలాగే" అన్నాడు. ఆ రైడ్‌కి అప్పుడే వేసిన కొత్త రంగు వాసన ఇంకా పోలేదు. నేను ఎక్కాను, ఏమీ కాలేదు. కానీ ఇప్పుడు నలభై మంది పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లేటప్పుడు ఆ ముడే గుర్తొస్తుంది. రంగు మీద డబ్బు పెట్టి బకిల్ మీద పెట్టని చోటుకి మా పిల్లల్ని తీసుకెళ్లను.

కాబట్టి పార్కు పాతదా కొత్తదా అన్నది అంత ముఖ్యం కాదు. పొద్దున గేటు తీయకముందు రైడ్‌ను ఖాళీగా తిప్పి చూస్తున్నారా? ఎత్తు కొలిచే కర్ర ఉందా, ఉంటే దాన్ని నిజంగా వాడుతున్నారా? నడిపే మనిషి ప్రతి బెల్టూ చేత్తో లాగి చూస్తున్నాడా? గాలి ఎక్కువైతే ఆపేస్తున్నారా? మన ఊళ్లలో తీర్థాలకి వచ్చే జెయింట్ వీల్ దగ్గర కూడా ఇవే చూడండి. నిజం చెప్పాలంటే అక్కడ ఇంకా ఎక్కువ చూడాలి. దాన్ని విప్పి లారీలో వేసి మళ్లీ బిగిస్తూ ఊరూరా తిప్పుతారు కదా.

ఇక విసుగు సంగతి.

అరవై ఏళ్లు దాటినా జనం తగ్గని పార్కులున్నాయి, అంతకంటే ముందే మూతబడినవీ ఉన్నాయి. ఢిల్లీలో 1984లో తెరిచిన అప్పు ఘర్ 2008లో మూతపడింది. ముంబయి ఎస్సెల్ వరల్డ్ 1989 నుంచి నడిచి 2022లో ఆగిపోయింది. జపాన్‌లో నారా డ్రీమ్‌ల్యాండ్ అని ఒకటి ఉండేది. అమెరికా డిస్నీల్యాండ్‌ను చూసి 1961లో కట్టారు. తర్వాత అసలు డిస్నీ వాళ్లే టోక్యో వచ్చారు, 2001లో ఒసాకాలో యూనివర్సల్ స్టూడియోస్ తెరిచారు. 2006కల్లా నారా పార్కు పని అయిపోయింది. అన్నిటికీ కారణం ఒకటే అనలేం. ఒకచోట స్థలం గొడవ, ఒకచోట పోటీ. అయితే నారా కథలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. ఇంకొకరిని చూసి కట్టింది, అసలుది పక్కకి రాగానే వెలవెలబోతుంది.

నిలబడినవి ఏం చేశాయి? ఏటా కొత్త రోలర్ కోస్టర్ కొనడం ఎవరివల్లా కాదు. ఆ ఖర్చంతా చివరికి టికెట్ మీదే పడుతుంది. నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒసాకా యూనివర్సల్ వాళ్లది. కొత్త పట్టాలు వేయడానికి డబ్బు చాలని సమయంలో, ఉన్న కోస్టర్‌నే 2013లో వెనక్కి నడిపించారు. పట్టాలు అవే, ఎత్తు అదే. మనిషి మాత్రం ఎటు పోతున్నాడో కనబడకుండా వీపు ముందుకు పెట్టి దూసుకుపోతాడు. దాని కోసం జనం గంటల తరబడి లైన్లో నిలబడ్డారు.

డిస్నీల్యాండ్ వాళ్లది ఇంకో పద్ధతి. అక్కడ 1959లో నీళ్లలో తిరిగే జలాంతర్గాముల రైడ్ పెట్టారు. పిల్లలు గుండ్రటి కిటికీల్లోంచి నీటి అడుగున బొమ్మ చేపల్ని చూస్తారు. కాలం గడిచేకొద్దీ మోజు తగ్గి, 1998లో ఆపేశారు. 2007లో అవే జలాంతర్గాములను డీజిల్ నుంచి కరెంటుకు మార్చి, నీమో అనే చేపపిల్ల సినిమా కథను జోడించి మళ్లీ తెరిచారు. కొలను అదే, పడవలు అవే. మారింది చెప్పే కథ. డెన్మార్క్‌లోని టివోలీ పార్కు వాళ్లు దీనికి పూర్తిగా భిన్నం. 1914 నాటి చెక్క కోస్టర్‌ను అలాగే ఉంచి, బండిలో కూర్చుని చేత్తో బ్రేకు వేసే మనిషిని కూడా ఉంచుకున్నారు. అక్కడ పాతదనం చూడడానికే జనం వస్తారు. పాతదాన్నల్లా మార్చేయాలని లేదు.

ఇదంతా విదేశాల సంగతి అనుకోకండి. మన ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది కదా. నౌకాదళంలో 1969 నుంచి పనిచేసి 2001లో రిటైరైంది. 2002లో దాన్ని ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. అందులో కదిలేదీ తిరిగేదీ ఏమీ లేదు. అయినా ఎప్పుడు వెళ్లినా లైను ఉంటుంది. లోపల చూపించేవాళ్లు నేవీలో పనిచేసి వచ్చినవాళ్లు, అదే కారణమని నా నమ్మకం. ఇంత ఇరుకులో ఎలా నిద్రపోతారు, నీళ్లు ఎలా పొదుపు చేస్తారు అని పిల్లలు అడిగితే తడుముకోకుండా చెబుతారు. 2017లో ఎదురుగా టీయూ 142 విమానాన్ని కూడా మ్యూజియంగా తెరిచారు. పాతదాన్ని కదపకుండా పక్కన ఇంకొకటి చేర్చడం కూడా ఒక పద్ధతే. కైలాసగిరి మీద ఈమధ్య కట్టిన గాజు వంతెన కూడా ఆ కోవలోదే. మీ పెద్దమ్మాయి వెళ్లినప్పుడు అది లేదు.

ఉద్దానంలో తోటలున్న తల్లిదండ్రులకు ఈ విషయం నేను చెప్పనక్కర్లేదు. ముసలి కొబ్బరి తోటను ఎవరూ ఒక్కరోజులో నరికేయరు. వరసల మధ్య కొత్త మొక్కలు పెట్టి, అవి అందుకునేదాకా పాత చెట్ల కాయ మీదే బతుకుతారు. 2018లో తిత్లీ వచ్చి అన్నీ ఒకేసారి పడేసినప్పుడు ఆ వెసులుబాటు కూడా లేకపోయింది. పార్కు నడిపేవాళ్లూ అంతే. మొత్తం మూసి బాగుచేద్దామంటే జీతాలెక్కడి నుంచి వస్తాయి? ఏటా ఒక మూల మూసి, అక్కడ పనిచేసి, తెరిచి, ఇంకో మూలకి వెళ్లడమే మేలు.

ఈ విషయాన్నే ఎనిమిదో తరగతి ఇంగ్లిష్ పీరియడ్‌లో ఫార్మల్ లెటర్ పాఠానికి వాడుకున్నాను. "మీరు పార్కు అధికారికి ఉత్తరం రాయాలి. ఉన్నవాటిని ఎలా బాగుచేయొచ్చో చెప్పాలి. కొత్తది కొనమని రాస్తే ఖర్చు ఎవరు పెట్టాలో కూడా రాయాలి" అని షరతు పెట్టాను. ఆ షరతుతో కైలాసగిరి నుంచి బీచ్‌లోకి దూకే రోలర్ కోస్టర్లు సగం పడిపోయాయి. డైనోసార్ బొమ్మలు పెట్టమని ఆరుగురు రాశారు. అవి ప్రతి ఊరి పార్కులోనూ ఉన్నాయి నాయనా అన్నాను.

ఒక అమ్మాయి మాత్రం రైడ్ల జోలికే పోలేదు. నీడ, మంచినీళ్లు, ఆడపిల్లలకు శుభ్రమైన బాత్రూములు, ఈ మూడే రాసింది. మొదట కాస్త నిరాశపడ్డాను గానీ, తర్వాత నేను వెళ్లిన ట్రిప్పులన్నీ గుర్తు చేసుకుంటే ఆ అమ్మాయిదే అన్నిటికంటే పనికొచ్చే ఉత్తరం అనిపించింది. మనం ఒక చోటికి మళ్లీ వెళ్లాలా వద్దా అనేది చాలాసార్లు తేలేది అక్కడే.

అన్నిటికంటే నచ్చిన ఆలోచన టాయ్ ట్రైన్ గురించి. ఒక అబ్బాయి వాళ్ల తాతగారు నౌపడాలో చిన్న రైలెక్కి పర్లాకిమిడి వెళ్లేవారట. మీలో కొందరు కూడా ఎక్కే ఉంటారు. పర్లాకిమిడి రాజావారు వేయించిన నేరోగేజ్ లైను అది, 1900లో మొదలైంది. తర్వాత గుణుపూర్ దాకా పొడిగించారు. 2004లో ఆపేసి, బ్రాడ్‌గేజ్‌గా మార్చి 2011లో మళ్లీ తెరిచారు. ఆ అబ్బాయి రాసింది ఇదీ: కైలాసగిరి టాయ్ ట్రైను కొండ చుట్టూ తిరుగుతూ ఉంటుంది, అందులో కూర్చున్నవాళ్లకు ఎవరూ ఏమీ చెప్పరు. దారిలో ఆ పాత లైను స్టేషన్ల పేర్లతో చిన్న బోర్డులు పెట్టండి, నౌపడా, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి అని. ఎక్కేటప్పుడు పాత రోజుల అట్ట టికెట్ ఇవ్వండి, ఒకరు ఆ రైలు కథ మైకులో చెప్పండి. ఖర్చు ఎవరు పెట్టాలి అన్న చోట, "బోర్డులకి, అట్టలకి ఎంత అవుతుంది మేడం, పార్కు వాళ్లే పెట్టుకుంటారు" అని రాశాడు. ఫార్మల్ లెటర్‌లో మేడం అని రాసినందుకు ఒక మార్కు తగ్గించాను, పాపం.

మళ్లీ ట్రిప్పు దగ్గరికి వద్దాం. వండర్లా మంచిదే. కొత్తది, 2024లో తెరిచారు. నౌపడాలో రైలెక్కితే విశాఖ కంటే భువనేశ్వర్ దూరమే అనుకోండి. కానీ అలాంటి చోట్ల పెద్ద రైడ్లకు ఎత్తు నిబంధన ఉంటుంది, ఉండాలి కూడా. మా ఆరు, ఏడు తరగతుల పిల్లల్లో చాలామంది మీరు టికెట్ మొత్తం కట్టాక కింద నిలబడి పై క్లాసుల వాళ్లను చూడాల్సి వస్తుంది. తొమ్మిదో తరగతి వాళ్లకైతే వచ్చే ఏడు ఆలోచించొచ్చని ప్రిన్సిపల్ మేడంగారితో అన్నాను.

ఈసారికి ఆరు నుంచి ఎనిమిది వరకు విశాఖకే వెళుతున్నాం. అయితే ఒక మార్పు ఉంది. ప్రతి ఐదుగురికీ ఒక నోట్‌బుక్ ఇస్తాం. ఏది పాతబడింది, ఏది బాగుంది, నేను పైన రాసిన బెల్టు, కర్ర, ఖాళీ తిప్పు సంగతులు, అన్నీ వాళ్లే చూసి రాస్తారు. సందేహం ఉన్న రైడ్‌కు పిల్లల్ని ఎక్కించం, దానికి టికెట్ డబ్బు పోయినా సరే. ఈ మాట మీరు ముందే పిల్లలకు చెప్పి పంపితే అక్కడ మాకు ఏడుపులు తగ్గుతాయి.

అనుమతి పత్రం డైరీలో అంటించి పంపాం. మీ బాబు లేదా పాప ఎత్తు, తలతిరుగుడు, ఉబ్బసం లాంటివి ఉంటే ఆ వివరం దాని వెనక తప్పకుండా రాయండి. పిల్లల ఉత్తరాల్లో పదకొండు ఏరి, తప్పులు దిద్దించి, విశాఖ వీఎంఆర్‌డీఏ కార్యాలయానికి పోస్టులో పంపించాం. టాయ్ ట్రైన్ ఉత్తరం అన్నిటికంటే పైన పెట్టాం. జవాబు వస్తే వచ్చే సంచికలో వేస్తాను.